పితరులు కట్టిన కప్పు మీద దేవుని ఎండ

క్రిస్మస్‌కు ముందురోజు సాయంత్రం ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణం నుంచి వినిపించే గీతాల కోసం లోకమంతటా లక్షలాది మంది విశ్వాసులు చెవులొగ్గి కూర్చుంటారు. ఆ గీతాలు వినిపించేది కింగ్స్ కాలేజీ చాపెల్ నుంచి. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన నెలన్నరకే, 1918 డిసెంబరులో అక్కడ తొమ్మిది వాక్యపాఠాలతో, క్రిస్మస్ గీతాలతో ఒక ఆరాధన మొదలైంది. 1928 నుంచి బీబీసీ రేడియో దాన్ని లోకానికి వినిపిస్తోంది. మన పట్టణాల్లోని పాతకాలపు సంఘాల్లో క్రిస్మస్ ముందు జరిగే తొమ్మిది పాఠాల ఆరాధనను చూసినవారికి ఆ క్రమం పరిచయమే.

2023 చివర్లో ఆ చాపెల్ గురించి వచ్చిన వార్త మాత్రం గీతాల గురించి కాదు, పైకప్పు గురించి. అయిదు వందల ఏళ్లు దాటిన ఆ మందిరం కప్పు మీద 438 సోలార్ ప్యానెళ్లు అమర్చారు! వాటి నుంచి ఏడాదికి లక్ష యూనిట్లకు పైగా కరెంటు వస్తుందని అంచనా.

ఈ వార్త విన్న విశ్వాసులు రెండు రకాలుగా స్పందించారు. దేవుని సృష్టిని కాపాడే పనిలో చర్చి ముందడుగు వేసిందని కొందరు సంతోషించారు. అంతటి మందిరం నెత్తిన అద్దపు పలకలా అని మరికొందరు నొచ్చుకున్నారు. ఇద్దరిలో ఎవరినీ తేలిగ్గా తీసిపారేయలేం. ఎందుకంటే ఇద్దరూ ప్రేమతోనే మాట్లాడుతున్నారు. ఒకరికి పితరుల మీద ప్రేమ, ఇంకొకరికి రాబోయే బిడ్డల మీద ప్రేమ. ఈ రెండు ప్రేమలూ ఒకే కప్పు కింద ఇమడగలవా? ఇదీ ప్రశ్న.

మొదలుపెట్టినవాడు చూడలేదు

ఆ చాపెల్ కథ తెలిస్తే ప్రశ్న లోతు అర్థమవుతుంది. 1446లో ఇంగ్లండు రాజు ఆరవ హెన్రీ దానికి పునాదిరాయి వేశాడు. తర్వాత దేశంలో అంతర్యుద్ధాలు వచ్చాయి. సింహాసనం చేతులు మారింది. 1471లో ఆరవ హెన్రీ చనిపోయేనాటికి గోడలు ఇంకా సగంలోనే ఉన్నాయి. కొన్నిసార్లు పని ఆగింది, కొన్నిసార్లు సాగింది. చివరికి ఎనిమిదవ హెన్రీ కాలంలో, 1515లో రాతిపని ముగిసింది. లోపల తలెత్తి చూస్తే విసనకర్రలు విచ్చుకున్నట్టుండే రాతికప్పు కనిపిస్తుంది. ఆ తరహా రాతికప్పుల్లో లోకంలోకెల్లా పెద్దది అదే. దానికి పైన, వానకూ మంచుకూ అడ్డుగా, సీసపు రేకులు పరచిన వెలుపలి కప్పు ఉంది. ప్యానెళ్లు అమర్చింది ఆ వెలుపలి కప్పు మీదే. లోపల మోకరించినవారికి పైన ఏమున్నదీ కనిపించదు.

మొదలుపెట్టిన రాజు ముగింపు చూడలేదు. మొదటి రాయి చెక్కిన శిల్పి, చివరి రాయి అమర్చిన శిల్పి ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు. దావీదు సంగతీ ఇంతే కదా? తాను కట్టని, తాను చూడని మందిరం కోసం దేవదారు మ్రానులను, ఇనుమును, ఇత్తడిని విస్తారంగా సమకూర్చి కుమారుడైన సొలొమోను చేతికి అప్పగించాడు (1 దినవృత్తాంతములు 22). పాత మందిరాలు మనకు చేసే మొదటి ప్రసంగం ఇదే: ఇంకా పుట్టనివారి కోసం చెమటోడ్చినవాళ్లు ఒకప్పుడు ఉన్నారు.

మరి ఆ మందిరాలను వారసత్వంగా పొందిన మనం ఇంకా పుట్టనివారి కోసం ఏం చేస్తున్నాం?

దీపానికి నూనె ఎక్కడిది?

ప్రత్యక్ష గుడారంలో దీపం నిత్యం వెలగాలని దేవుడు మోషేకు ఆజ్ఞాపించినప్పుడు, అందుకు కావలసిన నూనె గురించి కూడా చెప్పాడు. దంచి తీసిన అచ్చమైన ఒలీవ నూనెను ఇశ్రాయేలీయులే తేవాలన్నాడు (నిర్గమకాండము 27:20). దీపం వెలిగితే చాలు, నూనె ఎలాంటిదైతేనేం అనలేదు. మందిరంలోని వెలుగు ఎంత ముఖ్యమో, ఆ వెలుగుకు ఆధారమైనదీ అంతే ముఖ్యమన్నమాట.

ఈ రోజున మన మందిరాల్లో వెలిగే దీపాలకు నూనె ఎక్కడిది? స్విచ్చి నొక్కితే లైటు వెలుగుతుంది, పంకా తిరుగుతుంది, మైకు మోగుతుంది. ఆ తీగ వెంట వెనక్కి నడుచుకుంటూ వెళ్తే చాలావరకు ఏదో ఒక బొగ్గు కుప్ప దగ్గరకు చేరతాం. రామగుండంలోనో కొత్తగూడెంలోనో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోనో థర్మల్ కేంద్రాల పొగగొట్టాలు చూసినవారికి, బూడిద చెరువుల పక్కన బతికే కుటుంబాల మాటలు విన్నవారికి మనం వాడే యూనిట్ల అసలు ఖరీదు కొంత తెలుసు. బిల్లు మీద అచ్చయ్యేది అందులో ఒక భాగమే. మిగతాది ఎవరో తమ ఊపిరితిత్తులతో కడుతున్నారు. బొగ్గు పొగతో వేడెక్కుతున్న భూమి తాలూకు అప్పును మన మనుమలు కడతారు. వానలు దారితప్పి పంట పోయిన రైతు, తుఫానుకు వల పోగొట్టుకున్న జాలరి ఇప్పటికే కొంత కడుతున్నారు.

భూమియు దాని సంపూర్ణతయు యెహోవావని నమ్మే మనం (కీర్తన 24), ఏదెను తోటను సేద్యపరచి కాయమని ఆదాముకు ఇచ్చిన పని మనకూ వర్తిస్తుందని బోధించే మనం (ఆదికాండము 2:15), మందిరంలో వెలుగుకు అచ్చమైన నూనె వెతకడం వింత కాదు. వెతకకపోవడమే వింత.

అభ్యంతరం చెప్పినవారు శత్రువులు కారు

అయినా కేంబ్రిడ్జిలో ఆ పని తేలిగ్గా జరగలేదు. చారిత్రక కట్టడాలను సంరక్షించే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ ఆ ప్రతిపాదన మీద ఆందోళన తెలియజేసింది. అలాంటి కట్టడం రూపురేఖలకు భంగం కలుగుతుందన్నది దాని వాదన. వాదోపవాదాలు విన్న తర్వాత 2023 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి నగర కౌన్సిల్ ప్లానింగ్ కమిటీ అనుమతినిచ్చింది.

అభ్యంతరం చెప్పినవారి మాటలోనూ వాక్యసత్యం ఉంది. పితరులు వేసిన పురాతనమైన పొలిమేర రాతిని తీసివేయకూడదని సామెతల గ్రంథం చెబుతోంది (సామెతలు 22:28). పాతదాన్ని పాతదన్న కారణంతోనే పడగొట్టే జాతికి జ్ఞాపకశక్తి నశిస్తుంది. మన సంఘాల్లో ఎన్ని పాత చర్చిలను అవసరం లేకపోయినా పడగొట్టి, రంగుల టైళ్లతో కొత్తవి కట్టుకున్నామో తలచుకుంటే సిగ్గేస్తుంది. మిషనరీలు, మన తాతముత్తాతలు కలిసి మోసిన రాళ్లు ఇప్పుడు ఏ రోడ్డు కింద ఉన్నాయో! కాబట్టి ‘జాగ్రత్త’ అని హెచ్చరించేవారు సంఘానికి కావాలి.

అదే బైబిలులో మరో మాట కూడా ఉంది. మోషే చేసిన ఇత్తడి సర్పం దేవుని ఆజ్ఞతో తయారైంది, ప్రజల ప్రాణాలు కాపాడింది. అయితే తరాలు గడిచాక జనం దానికే ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా రాజు దాన్ని ఛిన్నాభిన్నం చేశాడు (2 రాజులు 18:4). దేవుని దగ్గరకు నడిపించాల్సిన వస్తువే దేవుని స్థానంలో కూర్చుంటే జరిగేది అదే. పాత మందిరాన్ని గౌరవించడం వేరు, దాని రాళ్లనే ఆరాధించడం వేరు. పొలిమేర రాయినీ ఇత్తడి సర్పాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవగలిగినప్పుడే ఇలాంటి విషయాల్లో వివేకం కలుగుతుంది.

కనబడకుండా ఎలా అమర్చారు?

ఆ వివేకం ఎలా ఉంటుందో ఇంగ్లండులోని మరికొన్ని కెథెడ్రళ్లు చూపించాయి. బ్రాడ్‌ఫోర్డ్ కెథెడ్రల్ 2011లోనే తన కప్పు మీద ప్యానెళ్లు వేసుకుంది. 1089లో నిర్మాణం మొదలైన గ్లాస్టర్ కెథెడ్రల్ 2016లో 150 ప్యానెళ్లు అమర్చుకుంది. కరెంటు ఖర్చులో దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని అక్కడివారు అంచనా వేశారు. విచిత్రమేమిటంటే, ఆ కెథెడ్రల్ ఆవరణలో నిలబడి మెడ ఎంత సాచి చూసినా అవి కనిపించవు. కప్పు అంచు చుట్టూ ఉన్న రాతి పిట్టగోడ వాటిని దాచేసింది.

పిట్టగోడ అనగానే బైబిలు చదివేవారికి ఒక వాక్యం గుర్తుకు రావాలి. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలని, ఎవరైనా పైనుంచి పడితే ఆ రక్తాపరాధం ఇంటిమీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండంలో ఉంది (22:8). ఇంటి కప్పు యజమానిదే అయినా, దానివల్ల ఇంకొకరికి కలిగే హాని కూడా అతని బాధ్యతే! మన కప్పుల కింద మనం కాల్చే కరెంటు ఎక్కడో ఒకరి ప్రాణం మీదికి తెస్తుంటే ఆ వాక్యం మనల్ని కూడా అడుగుతుంది.

మన పాత చర్చిలను చూసినవారికి తెలుసు: చాలావాటిలో బలిపీఠం తూర్పు వైపు ఉంటుంది. ఇంగ్లండులోనూ శతాబ్దాలుగా అదే ఆచారం. అందువల్ల మందిరం తూర్పు పడమరలుగా పొడవుగా సాగుతుంది, వాలుకప్పులో ఒక పక్క మొత్తం దక్షిణానికి తిరిగి ఉంటుంది. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశాల్లో ప్యానెళ్లకు అన్నిటికంటె అనువైన దిక్కు దక్షిణమే! ఉదయించే సూర్యుణ్ని చూస్తూ క్రీస్తు రాకడ కోసం ఎదురుచూడాలని పితరులు తూర్పుకు తిరిగారు. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల తర్వాత బిడ్డలకు అక్కరకు వచ్చే కప్పును వారికి తెలియకుండానే సిద్ధం చేసి వెళ్లారు. గ్లాస్టర్‌లో ప్యానెళ్లు ఉన్నది ఆ దక్షిణపు వాలు మీదే.

1220లో పునాది పడిన సాల్స్‌బరీ కెథెడ్రల్ మరో దారి ఎంచుకుంది. సుమారు 123 మీటర్ల గోపుర శిఖరంతో బ్రిటన్‌లోకెల్లా ఎత్తయిన చర్చి అది. అక్కడివారు ప్రధాన మందిరాన్ని ముట్టుకోకుండా, పక్కనున్న నడవా మండపం కప్పు మీద 2020లో 93 ప్యానెళ్లు పరిచారు. యార్క్ మిన్‌స్టర్‌వారు 2025 ఆరంభంలో 184 ప్యానెళ్లు అమర్చారు. ఏడాదికి సుమారు 70 వేల యూనిట్లు వస్తాయని వారి అంచనా. ఈ యార్క్ మందిరానికి కప్పు విలువేమిటో బాధతో తెలుసు. 1984 జూలైలో ఒక రాత్రి నిప్పంటుకుని దాని దక్షిణ భాగపు కప్పు కూలిపోయింది. పిడుగుపాటే కారణమై ఉంటుందని అప్పట్లో తేల్చారు. అలాంటి గాయం ఉన్నవారు కప్పు మీదికి కరెంటు తీగలను ఎక్కించారంటే ఎంత ఆలోచించి ఉంటారో ఊహించుకోవచ్చు.

వీటన్నిటి వెనకా కొన్ని నియమాలు కనిపిస్తాయి. పెట్టింది ఎప్పుడైనా తీసేయగలిగేలా ఉండాలి. ప్యానెల్ ఆయుష్షు 25, 30 ఏళ్లు. రాతిగోడ ఆయుష్షు శతాబ్దాలు. రేపు ఇంతకన్నా మంచి సాధనం వస్తే వీటిని దించేసినప్పుడు కింద మందిరం మునుపటిలాగే ఉండాలి. పాత దూలాలు ఆ బరువు మోయగలవో లేదో ముందే ఇంజనీరు పరీక్షించాలి. ఎలాగూ కప్పు బాగుచేయాల్సి వచ్చినప్పుడే ఈ పనీ కలుపుకోవాలి. కింగ్స్ చాపెల్‌లో జరిగింది అదే. సీసపు రేకులు మార్చాల్సిన సమయం వచ్చింది, ఎలాగూ సారువలు కట్టారు, ఆ సందర్భంలోనే ప్యానెళ్లూ వేశారు. అన్నిటికన్నా ముందు అనుమతి తీసుకోవాలి. ఇంగ్లండులో మామూలు సంఘాల చర్చిల్లో ఇలాంటి మార్పులకు డయాసిస్ స్థాయిలో చర్చి న్యాయస్థానమే ఉంది. అభ్యంతరం ఉన్నవారు అక్కడ చెప్పుకోవచ్చు. విన్న తర్వాతే తీర్పు.

ఈ కదలిక ఒకటి రెండు చర్చిలతో ఆగేది కాదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ జనరల్ సినడ్ 2020 ఫిబ్రవరిలో ఒక తీర్మానం చేసింది. వాతావరణంలోకి తాము వదిలే కర్బన ఉద్గారాలను 2030 నాటికి నికరంగా సున్నాకు తేవాలన్నది ఆ తీర్మానం. సుమారు 16 వేల చర్చి భవనాలున్న సంఘానికి, అందులో ఎక్కువ భాగం రక్షిత కట్టడాలైనప్పుడు, ఇది చిన్న మాట కాదు.

నిజాయతీగా ఒక మాట చెప్పుకోవాలి. కింగ్స్ చాపెల్ ప్యానెళ్లవల్ల ఏడాదికి తగ్గే కర్బనం ఇరవై టన్నుల పైచిలుకు. లోకమంతా వదిలే పొగ ముందు అది సముద్రంలో చుక్క. 438 పలకలు భూమిని చల్లార్చవు. మరెందుకు ఈ ప్రయాస అంటే, సాక్ష్యం కోసం. విధవరాలి రెండు కాసులతో దేవాలయం ఖర్చులు తీరవని ప్రభువుకు తెలియదా? అయినా ఆయన చూసింది ఆ కాసులనే.

మబ్బుల దేశం, ఎండల దేశం

ఇంగ్లండు మబ్బుల దేశం. ఒక కిలోవాట్ ప్యానెళ్ల మీద అక్కడ ఏడాదికి వచ్చేది వెయ్యి యూనిట్లలోపే. మన తెలుగునేలపై అదే ప్యానెళ్లు రోజుకు సగటున నాలుగు యూనిట్లు, అంటే ఏడాదికి పద్నాలుగు వందలకు పైగా ఇస్తాయి. ఎండ తక్కువున్నవారు కప్పులెక్కి వెతుక్కుంటున్నారు. ఎండ దండిగా ఉన్న మనం ఏసీల గురించి మాట్లాడుకుంటున్నాం!

అన్నట్టు, సూర్యుడికి మందిరంలో పని అప్పగించడం మనవారికి కొత్త కాదు. మెదక్ కెథెడ్రల్‌కు వెళ్లినవారు బలిపీఠం వెనుక, రెండు పక్కలా ఉన్న రంగుటద్దాల కిటికీలను మర్చిపోలేరు. యేసు జననం, సిలువ మరణం, ఆరోహణం అక్కడ చిత్రాలై కనిపిస్తాయి. బయట ఎండ ఉన్నంతసేపే అవి సజీవంగా వెలుగుతాయి. పొద్దు గుంకితే ఆ బొమ్మలూ చీకట్లో కలిసిపోతాయి. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ నాయకత్వంలో, కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ కల్పిస్తూ కట్టిన ఆ మందిరం పని 1914లో మొదలైంది. 1924 క్రిస్మస్ నాడు ఆరాధనకు తలుపులు తెరిచింది. కట్టడం కన్నా కడుపులు ముఖ్యమని తలచినవారు కట్టిన కట్టడమది. 175 అడుగుల గోపురాన్ని చూసి మురిసిపోయే మనం, దాని పునాదిలో ఆకలిగొన్నవారి కూలి ఉందని మరిచిపోకూడదు.

డోర్నకల్ కెథెడ్రల్ సంగతి చూడండి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య దాన్ని ఇంగ్లండు చర్చికి నకలుగా కట్టించలేదు. మన దేవాలయాల స్తంభాలు, మసీదుల గుమ్మటాలు గుర్తుకు తెచ్చే రీతిలో కట్టించి 1939లో ప్రతిష్ఠించారు. చర్చి అంటే ఇలాగే ఉండాలన్న అలవాటును పక్కనపెట్టి, ఈ నేలకు తగినది ఏదని ఆయన అడిగారు. ఎండ నిండుగా ఉన్న నేలకు తగిన దీపం ఏదని అడగడం కూడా ఆ అడుగుజాడల్లో నడవడమే.

అలాగని మెదక్ కప్పు మీదో డోర్నకల్ గుమ్మటం మీదో ప్యానెళ్లు బిగించమని మేము చెప్పడం లేదు. మన చారిత్రక చర్చిలకు సాల్స్‌బరీ దారే మేలనిపిస్తుంది. పాత చర్చి ఉన్న కాంపౌండులో సాధారణంగా పాఠశాల, హాస్టలు, పాస్టరుగారి ఇల్లు, కమ్యూనిటీ హాలు ఉంటాయి. వాటి చదునైన డాబాలు ఏడాదంతా ఎండకు ఊరికే కాగుతుంటాయి. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడలేని జాగా ఉంటే చాలు. కరెంటు అక్కడ తయారై, తీగ మీద మందిరంలోకి రావచ్చు. పితరుల కప్పుకు మేకు కూడా దిగదు.

మరో సౌలభ్యం ఉంది. చర్చి కరెంటు వాడేది ముఖ్యంగా ఆదివారం. ప్యానెళ్లు పనిచేసేది వారమంతా. మిగిలిన కరెంటును విద్యుత్ సంస్థకు పంపి బిల్లులో సర్దుబాటు చేసుకునే నెట్ మీటరింగ్ పద్ధతి మన దగ్గరా ఉంది. ఆరు దినాలు కష్టపడి పనిచేసి ఏడవ దినాన్ని ప్రభువుకు అర్పించమన్న ఆజ్ఞను (నిర్గమకాండము 20:9, 10) మన డాబాలు కూడా పాటించవచ్చు!

కమిటీ గదిలో

ఈ ప్రతిపాదన ఏ పాస్టరేట్ కమిటీ ముందుకు వచ్చినా ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. “అయ్యగారూ, మా తాత భుజాన మోసిన రాళ్లండీ ఇవి, చెయ్యి వేయనివ్వం” అని ఒక పెద్దాయన లేస్తారు. “కరెంటు బిల్లు ఎవరు కడతారు తాతయ్యా?” అని ఒక యువకుడు అడుగుతాడు. అక్కడితో మాటలు పెరుగుతాయి. చివరికి ఎవరికి కాంట్రాక్టు అన్న దగ్గర మొత్తం ఆగిపోతుంది. ప్యానెళ్లు వేసుకుని సంఘం చీలితే వెలుగు పెరిగిందనుకోలేం. కనుక ముందు ఆ పెద్దాయన కథ పూర్తిగా వినాలి. ఆ రాళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎవరు మోశారో యువకులు రాసి పెట్టుకోవాలి. ఆ తర్వాత పెద్దాయన కూడా యువకుడి ప్రశ్నకు జవాబు వెతకాలి. వినబడినవాడు వినడానికి సిద్ధపడతాడు.

డబ్బు దగ్గర మరింత జాగ్రత్త కావాలి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు (లూకా 14:28). యోవాషు రాజు కాలంలో మందిరం బాగుచేయడానికి యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేసి, బలిపీఠం దగ్గర పెట్టాడు (2 రాజులు 12). వచ్చిన డబ్బు లెక్క తేలి పనివారికి చేరింది. పని చేయించినవారు నమ్మకస్తులని పేరు తెచ్చుకున్నారు. మనకూ ఆ పెట్టె కావాలి, ఆ పేరూ కావాలి. డయాసిస్ అనుమతి, కట్టడం వారసత్వ జాబితాలో ఉంటే ప్రభుత్వ అనుమతి, విద్యుత్ సంస్థ నిబంధనలు ముందే చూసుకోవాలి. పిడుగుల నుంచి రక్షణ, తీగలను కోతులు లాగకుండా గొట్టాలు, దుమ్ము కడగడానికి మనిషి, చెడితే బాగుచేసే ఒప్పందం... ఇవన్నీ ఆధ్యాత్మికం కాని సంగతుల్లా కనిపిస్తాయి. కానీ ప్రారంభోత్సవం నాడు ఫొటోలు దిగి, మూడేళ్లకు పాడుపెట్టిన పరికరాలు ఎన్ని చర్చి గదుల్లో మూలన పడి ఉన్నాయో మనకు తెలుసు.

ఇంకొక మాట కూడా ఉంది, కాస్త చేదుగా ఉంటుంది. మన చర్చిల్లో పంకా రెక్క మీద కూడా దాత పేరు రాసుకుంటాం. ట్యూబులైటు పట్టీ మీద ఫలానావారి జ్ఞాపకార్థమని ఉంటుంది. రేపు ప్యానెళ్ల మీద కూడా పేర్లు రాస్తే, వాటి నీడలో కరెంటు పుట్టదు! కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట (మత్తయి 6:3) ఇక్కడ సాంకేతిక నియమం కూడా. ప్యానెల్ మీద ఎంత చిన్న నీడ పడినా దాని శక్తి తగ్గుతుంది. సేవ మీద మన పేరు నీడ పడినా అంతే.

అసలు ప్యానెళ్ల కన్నా ముందు చేయగలిగినది మరొకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. ఎవరూ లేని హాల్లో తిరిగే పంకాలు ఆపడం. పగటి ఆరాధనకు కిటికీలు తెరవడం. క్రిస్మస్ నెలంతా రాత్రీ పగలూ వెలిగే సీరియల్ లైట్లకు ఒక వేళ పెట్టడం. దుబారా చేస్తూ ప్యానెళ్లు పెట్టుకోవడం చిల్లి కుండలో నీళ్లు పోయడమే.

ఎండ ఎవరిది?

మిగిలే కరెంటుతో ఏం చేయాలన్నది చివరి ప్రశ్న. బిల్లు తగ్గితే మిగిలే డబ్బు మరో మైకు సెట్టుకు పోతుందా? లేక పరీక్షల కాలంలో సాయంత్రాలు చర్చి హాలు తలుపులు తెరిచి, ఏ మతం పిల్లలైనా వచ్చి చదువుకునేలా లైట్లు వేస్తామా? హాస్టలు పిల్లల పాలకు పోతుందా? తండ్రి చెడ్డవారి మీదా మంచివారి మీదా తన సూర్యుణ్ని ఉదయింపజేస్తున్నాడని యేసు ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పాడు (మత్తయి 5:45). ఆ మాట చెప్పింది శత్రువులను ప్రేమించడం గురించి. ఎండ మీద ఏ సంఘానికీ పేటెంటు లేదు. ఆయన సూర్యుడి నుంచి ఉచితంగా పొందిన వెలుగును మన సభ్యత్వ రిజిస్టరు దాటనివ్వకపోతే, దాన్ని ఆయన దగ్గర అందుకున్న ప్రయోజనం ఏమిటి?

కేంబ్రిడ్జిలో రేపు క్రిస్మస్ ముందురోజు మళ్లీ ఒక బాలుడు నిశ్శబ్దంలో గొంతెత్తి మొదటి గీతం అందుకుంటాడు. ఆ వేళకు అక్కడ పొద్దు గుంకుతూ ఉంటుంది. శీతకాలపు ఆ సాయంత్రం పైన ప్యానెళ్లు ఇచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అవి వేసవిలో పనిచేసి ఇచ్చేశాయి. ఆ గీతాన్ని రాతికప్పు మోస్తుంది, ఆ రాతికప్పును అయిదు వందల ఏళ్ల నాటి గోడలు మోస్తాయి. ఆరవ హెన్రీ వినలేని గీతమది.

మన పాత చర్చిలు కట్టినవారూ మన పాటలు వినలేదు. అయినా మనకోసం కట్టారు. వారిని గౌరవించడమంటే వారి రాళ్లను కాపాడటం, ఆ రాళ్లెత్తించిన ప్రేమను కొనసాగించడం. మన తర్వాత ఆ బల్లల మీద కూర్చునేవారు పాడే పాటలు మనమూ వినం. వారు పాడుకునే వేళకు దీపంలో అచ్చమైన నూనె ఉండేలా చూడటమే మన వంతు.